పిండి కాదు, రాయి

“కిటికి జర తెరువరాదే.”

“తెరిచే ఉన్నది.”

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. ఆయన అడిగాడు, నేను చెప్పాను. ఆ తర్వాత కిటికీ వైపు ఒకసారి చూశాడు. తెరిచిన కిటికీలోంచి కూడా గాలి రాకపోతే ఇక ఎవరిని అడగాలన్నట్టు చూశాడు. కరీంనగర్ పెద్దాసుపత్రిలో, పొద్దున ఊడ్చేవాళ్లు మంచాల కింద తుడుస్తున్న వేళ పోయాడు. ముక్కుకు గొట్టం అలాగే ఉంది. గొట్టంలో గాలి వస్తూనే ఉంది. లోపలికి తీసుకునేవాడే లేడు.

నేను చెబుతుంటే నా మేనకోడలు రాస్తోంది. మా తమ్ముడి బిడ్డ. నాకు సంతకం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు, అంతే. పుస్తకం భాషలో రాస్తానంది, సరేనన్నాను. మనుషులు అన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే పెట్టమన్నాను. ముఖ్యంగా సేటు మాటలు. వాటిని కడిగి, తుడిచి, మంచి బట్టలు కట్టవద్దన్నాను.

నా మొగుడిని చంపింది రాయి. ఊరు మాత్రం టీబీ అంది, కల్లు అంది. ఊరి నోట ఆ మాటను ఖాయం చేసింది మిల్లు సేటు. ఆ మాటను అదే ఊరి ముందు వాడు తిరిగి మింగాలి. ఆయన పోయిన నాటి నుంచి నాకు కావలసింది అది ఒక్కటే. దానికోసమే తిన్నాను, దానికోసమే లేచాను.

మాది నేతపని చేసే ఇల్లు. నేను భైంసా దగ్గరి నల్లరేగడి ఊరి నుంచి కోడలిగా వచ్చేసరికి ఆయన సాంచాలు నడిపేవాడు. కరెంటుతో ఆడే మగ్గాలను మా దిక్కున సాంచాలంటారు. సాంచాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆగిన సాంచె ఇనుప సామాను బండి ఎక్కింది. అప్పుడు మా ఊరి బయట సేటు మిల్లు పెట్టాడు. మా ఆయన అక్కడికి పోయాడు. “నూలు దుమ్ము తిని పెరిగినోన్ని, నన్ను గీ దుమ్మేం జేస్తది?” అన్నాడు.

అది పలుగురాళ్లు పట్టే మిల్లు. పలుగురాయి తెలియనివాళ్లు ఉండరు. చేను దున్నితే తేలుతుంది, ఏరి గట్టు మీద పారేస్తారు. తెల్లగా ఉంటుంది. రెండింటిని కొడితే నిప్పురవ్వ లేచి కాలిన వాసన వేస్తుంది. ఆ రాళ్లను లారీల్లో తెచ్చి కుప్ప పోస్తే, ఆడవాళ్లు సుత్తెలతో పగలగొట్టేవాళ్లు. ఆ ముక్కలను మిషను నమిలి మైదా లాగా మెత్తగా చేసేది. అద్దాలకు, టైల్సుకు, గిన్నెలు తోమే పొడికి అని సంచుల్లో నింపి పంపేవాళ్లు. మా ఆయన పని సంచి మూతి పట్టుకోవడం. పైనుంచి అది దిగుతుంటే, ఆ తెల్లటి పొగలో ముఖం పెట్టి నిలబడాలి.

దానికి పిండిమిల్లు అని పేరు పెట్టింది సేటే. “రాళ్ల మిల్లంటే పనికి ఎవలస్తరు? పిండి అనుండ్రి. తెల్లగ, మెత్తగ ఉన్నది గద,” అన్నాడట మొదటి నాడే. మేమూ అన్నాం. పిండికి పోతున్న అనేవాళ్లు, పిండి మంచిగా దిగింది అనేవాళ్లు. కొన్నాళ్లకు ఊళ్లో ఆ రాయిని రాయి అన్నవాళ్లు లేరు.

పొద్దుగూకి పని దిగేముందు సేటు అందరినీ వరసగా నిలబెట్టి తలా ఒక బెల్లం ముక్క ఇచ్చేవాడు. “నములుండ్రి. దుమ్మంత బెల్లానికి అంటుకొని కడుపులకు దిగుతది. తెల్లారి బయటికి పోతే ఒడిసింది,” అనేవాడు. ఎంత ధర్మాత్ముడని అనుకున్నాం. మా ఆయన తన ముక్కలో సగం కొరికి, సగం తువ్వాల కొంగుకు కట్టి నాకు తెచ్చేవాడు. నేను ఇంట్లో కూర్చుని, ఆయన దుమ్ముకు మందనుకున్న దాన్ని తీపి అని చప్పరించేదాన్ని. పండుగలకు సేటు ఇంటింటికీ ఒక చిన్న సంచి పిండి పంపేవాడు, వాకిట్లో ముగ్గులకు.

దగ్గు మొదలైంది. మనిషి తగ్గిపోయాడు. చొక్కా ఆయన మీద ఉందా, కొయ్యకు తగిలించి ఉందా అన్నట్టయింది. డాక్టర్ల దగ్గరికి తిరిగాం. ప్రతి ఒక్కరూ ఏం పని అని అడిగారు. ప్రతి ఒక్కరికీ పిండిమిల్లులో పని అనే చెప్పాం. ఒకరు పిండి పడదు కొందరికి అన్నారు. ఒకరు టీబీ గోలీలు రాశారు. ఆ గోలీలు మింగుతుంటే ఊరంతా చూసింది. ఆయన గ్లాసు వేరే అయింది. సొంత అన్న ఇంట్లో కూడా వేరే అయింది.

ఆఖరికి పెద్దాసుపత్రికి చేరాక నా మేనకోడలు జామకాయలు పట్టుకుని చూడ్డానికి వచ్చింది. కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతుంది, రాళ్ల చదువు. అది పక్కన ఉండగానే డాక్టర్ వచ్చాడు.

“ఏం పని చేసేటోడు?”

“పిండిమిల్లుల, సార్,” అన్నాను.

“గిర్నీలనా? గోధుమలు పట్టేకాడనా?”

నేను నోరు తెరిచేలోపు నా మేనకోడలు అంది: “గిర్ని కాదు సార్. పలుగురాయి పట్టే మిల్లు.”

డాక్టర్ ఎక్స్‌రే ఫిల్మును కిటికీకి ఎత్తి పట్టాడు. రెండు ఊపిరితిత్తుల నిండా తెల్లటి చుక్కలు. ముగ్గుకు ముందు పెట్టే చుక్కల్లాగా దగ్గర దగ్గరగా ఉన్నాయి.

“ఇన్ని రోజులు ఎవలికి చెప్పలేదా అమ్మా?”

“చెప్పినం సార్,” అన్నాను. “అడిగినోళ్లందరికి చెప్పినం. పిండి అని చెప్పినం.”

అది రాయి అనీ, రాయిని కరిగించే మందు లేదనీ ఆయన మెల్లగా చెప్పాడు. అప్పుడు మా ఆయన మగతలో ఉన్నాడు, వినలేదు.

శవం ఇంటికి వచ్చిన రోజు సేటు దండ పట్టుకుని వచ్చాడు. మా కులపెద్ద పక్కన చేతులు కట్టుకుని నిలబడి అందరికీ వినబడేలా అన్నాడు: “మంచోడు పాపం. టీబీ ఆయె. కల్లు బంద్ చెయ్యి, బీడీ బంద్ చెయ్యి అని ఎంత మొత్తుకున్నా వినకపాయె.” మా ఆయన వేములవాడ రాజన్న పేరు మీద సోమవారం ఒక్కపొద్దు ఉండే మనిషి. కల్లు ముంత వాసన వస్తే పక్క తొవ్వన పోయేవాడు. ఈ సంగతి మా బావకు తెలుసు. ఆయన తోడబుట్టిన అన్న. పక్కనే నిలబడ్డాడు, నేల చూశాడు. ఆయన కొడుకు మిల్లులో పనిచేస్తున్నాడు మరి.

దినాల నాడు వండాను. కాకికి పెడితే కాకి ముట్టింది. మనుషులు ముట్టలేదు. వాకిట్లో దూరంగా నిలబడి, “ఇంటికాడ తినొచ్చినం,” అన్నారు. “కడుపుల మంచిగ లేదు,” అన్నారు. మా యారాలు, బావ పెళ్లాం, విస్తరి ముందు కూర్చుని, మెతుకులు అటూ ఇటూ జరిపి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచింది. అంత అన్నం కుక్కల పాలైంది. చచ్చినవాడి ఇంట్లో అన్నం తినకపోతే వాడిని మనలో వాడు కాదని వెలివేసినట్టే. ఏడవలేదు నేను. గిన్నెలు తోముకుంటూ సేటు నోటిని తలచుకున్నాను.

అందరూ పోయాక నా మేనకోడలు కొన్నాళ్లు నా దగ్గర ఉంది. ఒకనాడు అడిగాను: “గా రాయిల ఏమున్నది బిడ్డా? నాకు చెప్పు. నా మొగని లోపల ఏం కూసున్నదో నాకు తెలవాలె.”

అది తన సంచిలోంచి రాళ్ల డబ్బా తీసి గచ్చు మీద పెట్టింది.

“అత్తా, పొయ్యికి ఎన్ని రాళ్లు?”

“మూడు.”

“మీద?”

“కుండ.”

“నడుమ?”

“మంట. గింత చదువు చదివి పొయ్యి కాడికే వచ్చినవా?”

నవ్వింది. “గంతే అత్తా. లోకంల రాళ్లల్ల శానమట్టుకు గా పొయ్యే. కింద మూడు, మీద ఒకటి. గా నాలుగు ఏందనుకున్నవు? గాలి. మనం పీల్చేది, ప్రాణవాయువు. నడుమ మంట ఉండేకాడ సిలికాన్ అని ఒకటి కూసుంటది. నాలుగింటిని గట్టిగ పట్టుకుంటది, ఇడువది.”

“రాయిల గాలా?”

“పలుగురాయిని తూకం వేస్తే సగం కన్న ఎక్కువ గదే. ఆసుపత్రిల మామకు గొట్టంల పెట్టిండ్రు సూడు, అదే.”

గాలి గాలి అని కొట్టుకుని పోయిన మనిషి లోపలంతా గాలే ఉంది. కట్టేసిన గాలి. నీళ్ల కుండ మెడకు కట్టుకుని దాహంతో చచ్చినట్టు.

అది ఒక్కో రాయీ చేతికిచ్చి చెప్పింది. పొయ్యిలు ఒకదాంతో ఒకటి ఎట్లా కలుస్తాయో దాన్నిబట్టి రాయి గుణం ఉంటుందట. కాకిబంగారంలో పొయ్యిలు చాప అల్లినట్టు పరుచుకుంటాయి, చాపకూ చాపకూ మధ్య పొటాష్ ఉంటుంది, అందుకే పొరలు పొరలుగా ఊడుతుంది. మన కరీంనగర్ గ్రానైటులో ఎర్రగా కనిపించే ముక్కల్లో కొన్ని పొయ్యిల నడుమ సిలికానుకు బదులు సిల్వర్ గిన్నెలు చేసే అల్యూమినియం కూర్చుంటుంది, దానికి తోడు పొటాష్ చేరుతుంది. నల్ల ముక్కల్లో ఇనుము ఉంటుంది. భైంసా నల్లరేగడి కూడా ఇట్లాంటి రాళ్లు ఎండకూ వానకూ మెత్తబడి అయిందేనట.

“మరి పలుగురాయిల?”

“దాంట్ల పైవాళ్లు ఎవలుండరు. ఒక్కో రాయిని పక్క పొయ్యి కూడ వాడుకుంటది. నాలుగు దిక్కుల గట్లనే. అన్ని ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటయి.”

“మా అత్తగారోళ్ల లెక్క అన్నట్టు. పైవాళ్లను రానియ్యరు.”

“ఆఁ, అట్లనే. గందుకే కరగది. ఊపిరితిత్తి దాన్ని తినాలని చూస్తది. తినలేక తనే సచ్చిపోతది, సచ్చినకాడ మచ్చ గడతది. ఇంకోటి అత్తా, పాత ఇసుక కన్న అప్పుడే పగిలిన రాయి ఎక్కువ చెడ్డది. పగిలినకాడ చేతులు తెగి ఊగుతుంటయి. దేన్ని పట్టుకుందామా అని చూస్తుంటయి.”

ఆ మాట దాని పుస్తకాల్లో ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. నాకు మాత్రం బాగా అర్థమైంది. అప్పుడే తెగిన చెయ్యి దేన్నో ఒకదాన్ని పట్టుకోకుండా ఉండలేదు. నా చేతులూ సేటు గొంతు కోసం ఊగుతున్నాయి.

“గాజు కూడ గీ ఇసుకనే కరిగించి...” అంటూ అది నా చేతులు చూసి ఆగింది. దినాల నాడు పగలగొట్టిన గాజుల గాట్లు ఇంకా మణికట్టు మీద ఉన్నాయి.

“చెప్పు, పర్వాలేదు,” అన్నాను. “బెల్లం సంగతి చెప్పు.”

“బెల్లం పోయే తొవ్వ వేరు, గాలి పోయే తొవ్వ వేరు అత్తా. బెల్లం తింటే నోరు తియ్యగైతది. గంతే.”

“సేటుకు తెలుసా?”

అది వంగి గచ్చు మీద సుద్దముక్కతో ఆ పొయ్యి బొమ్మ గీసింది. మూడు సున్నలు, నడిమధ్య ఒక చుక్క, మీద ఇంకో సున్న, పక్క పొయ్యితో కలుపుతూ గీతలు. పుట్టిన కాడి నుంచి ముగ్గులు వేసిన చెయ్యి నాది. ఒక్కసారి చూస్తే చాలు.

పండుగకు సేటు పంపిన సంచి మూలన ఉంది. దాన్ని నేను విప్పబోతే నా మేనకోడలు చెయ్యి పట్టుకుంది. “పొడిది ముట్టకు అత్తా. నీళ్లు చల్లి, తడిపి పట్టుకో,” అంది. ఆ ఒక్క మాట ఎవరైనా నా మొగుడికి చెప్పి ఉంటే.

విధవ తన వాకిట్లో కూడా ముగ్గు వెయ్యకూడదంటారు. నేను పోయి మిల్లు గేటు ముందర వేశాను. తెల్లవారి, లారీలు రాకముందు. పొయ్యి పక్కన పొయ్యి, గేటు ఈ కొస నుంచి ఆ కొస దాకా.

వాచ్‌మన్ బయటికొచ్చాడు. “ఏందక్కా గిది?”

“ముగ్గు.”

“నువ్వేసినవా?”

“బొట్టు తీసిండ్రు గని చేతులు తియ్యలే కద తమ్మీ.”

మొదటి లారీ వచ్చి ఆగింది. మా భైంసా దిక్కు డ్రైవరే. దిగి, ముగ్గు చూసి, నా బోసి నుదురు చూసి, మా దిక్కున పిన్నిని పిలిచినట్టు పిలిచాడు. “మావ్‌శీ, గిదేం ముగ్గు? పువ్వు లేదు, తీగ లేదు. మూడు గుండ్లు, నడుమ చుక్క?”

నేను చెప్పవచ్చు. చెప్పలేదు. “తొక్కి చూడు,” అన్నాను.

తొక్కలేదు. లారీ వెనక్కి తీసుకున్నాడు. మధ్యాహ్నానికి ఊళ్లో మాట పాకింది: బాణామతి. చేతబడి ముగ్గు. విధవ ముగ్గు. నేను అవునని అనలేదు, కాదనీ అనలేదు. సేటు నీళ్లు కొట్టించాడు. తెల్లారి మళ్లీ వేశాను. మళ్లీ కడిగించాడు, మళ్లీ వేశాను. డ్రైవర్లు గేటు అవతల టీ తాగుతూ కూర్చున్నారు గాని ఒక్కడూ చక్రం దాటించలేదు. సేటు సంచులు గోడౌన్‌లో అట్లాగే ఉన్నాయి.

మా బావ వచ్చాడు, భయం ముఖంతో. “వద్దు మరదలా. గీ ఊర్లల్ల బాణామతి అన్న మాట వస్తే ఆడదాన్ని బతకనియ్యరు. గుంపు గట్టి కొడతరు.”

ఆయన అన్నది నిజమే. కానీ కొట్టడానికైనా ఊరంతా ఒక్కచోటికి రావాలి కదా. నా ఇంట్లో అన్నం తినని వాళ్లంతా ఒక్కచోట నిలబడాలి. నాకు కావలసిందీ అదే. “రానియ్యి,” అన్నాను.

వచ్చారు. సేటే పిలిపించాడు. కులపెద్ద, మా బావ, యారాలు, మిల్లు పనివాళ్లు, డ్రైవర్లు. కొందరి చేతుల్లో కట్టెలు ఉన్నాయి. ఎండ బాగా ఎక్కి ముగ్గు ఎండిపోయింది. గాలి వీస్తే అంచులు పొగలాగా లేస్తున్నాయి.

“చెప్పమ్మ, గిదేంది?” అన్నాడు కులపెద్ద.

“ఏం చెప్తది?” అన్నాడు సేటు. “మొగడు పోయినంక మతి తప్పింది. నా మిల్లు నాశనం జెయ్యాలని బాణామతి వట్టింది. మీ కండ్లతోటి చూస్తుండ్రు గద.”

“గిది నీ పిండే సేటూ,” అన్నాను. “పండుగకు నువ్వు పంపిన సంచి. అండ్ల నిమ్మకాయ లేదు, కుంకుమ లేదు, నెత్తురు లేదు. ఉట్టి పిండి. పిండికి బాణామతి యాడికెల్లి వస్తది?”

వాచ్‌మన్ చేతిలోని చీపురు వైపు వేలు చూపించాను.

“చీపురు తీస్కొని ఊడ్చెయ్యి. నీ చేత్తోటి. మల్ల ఈడికి రాను, రాజన్న మీద ఒట్టు.”

సేటు అందరి ముఖాలు చూసి నవ్వాడు. “గంతేనా?” అన్నాడు. వాచ్‌మన్ చేతిలోంచి చీపురు తీసుకుని వంగి ఒక్క ఊపు ఊడ్చాడు. తెల్లగా లేచింది. టక్కున వెనక్కి జరిగి, నిటారుగా నిలబడి, జేబులోంచి దస్తీ తీశాడు. ముక్కోణంగా మడిచి, ముక్కూ నోరూ మూసి, వెనక ముడి వేశాడు. చూడకుండానే వేశాడు, రోజూ కట్టుకునేవాడిలాగా. మళ్లీ వంగాడు, ఊడ్చసాగాడు. తానేం చేశాడో వాడికి తెలియనే లేదు.

అందరూ చూస్తున్నారు. రాళ్లు కొట్టే ముసలామె ఒకతె ముందరికి వచ్చింది. దగ్గి, గొంతు సవరించుకుని, చాలా మామూలుగా అడిగింది:

“సేటూ, మాకు బెల్లం, నీకు దస్తీనా?”

వెనక ఎవరో నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. కట్టెలు పట్టుకున్న వాళ్లు వాటిని కాళ్ల దగ్గరికి దించుకున్నారు. సేటు చెయ్యి దస్తీ మీదికి పోయింది. కిందికి లాగాడు. ఎదురుగా దుమ్ము ఇంకా తేలుతోంది, మళ్లీ పైకి లాక్కున్నాడు. లాక్కోకుండా ఉండలేకపోయాడు.

“దుమ్ము గద, గందుకు...” అన్నాడు.

“పిండి అంటివి గద,” అంది ముసలామె.

కులపెద్ద అడిగాడు: “మరి గాయినకు టీబీ అంటివి?”

“దుమ్ముతోటి కూడ అయి ఉండచ్చు.”

“గట్టిగ,” అన్నాను. “మా బావకు వినవడలే.”

“దుమ్ముతోటే.”

“ఏం దుమ్ము?”

వాడు నా వైపు చూసిన చూపును ఈ రోజుకీ పండుగ వంటలాగా దాచుకున్నాను. “రాతి దుమ్ము,” అన్నాడు.

ఆ మాటతో మా ఆయన బతికి రాలేదు. ఆయన సంవత్సరీకానికి మాత్రం అందరూ వచ్చారు, కూర్చున్నారు, తిన్నారు. మా బావ అందరికంటే ముందు విస్తరి పట్టుకుని, “ఇంకొంచెం పెట్టు,” అన్నాడు. పెట్టాను. ఆయనతో మాట మాత్రం కలపలేదు.

మిల్లు నడుస్తోంది. నీళ్లు చల్లుతున్నారు, ఆడవాళ్లు కొంగులు కట్టుకుంటున్నారు. ఇప్పటికే లోపల దిగినది ఎవరికీ బయటికి రాదు. ఆ ముసలామె దగ్గు తగ్గలేదు, తగ్గదు. సేటుకు మాత్రం కొత్త పేరు వచ్చింది, దస్తీ సేటు. బజార్లో వాడు ఎదురైతే మనుషులు పలకరించరు, తువ్వాల మెల్లగా ముక్కు మీదికి జరుపుకుంటారు. వేములవాడ గుడిలో, కోడెను కట్టే మొక్కు లైనులో కూడా మా ఊరివాళ్లు అట్లాగే చేశారని విన్నాను. ఆ రోజు కడుపునిండా తిన్నాను.

మొన్న కులపెద్దతో కబురు పంపాడు: “అయిందేదో అయింది, మనసుల పెట్టుకోవద్దని చెప్పు.” వాడు చావాలని నేను మొక్కుకోలేదని చెప్పి పంపాను. వాడికి నూరేళ్ల ఊపిరి ఉండాలి. పీల్చిన ప్రతిసారీ ఆ పేరు వినబడాలి.

ఇగ చదువు బిడ్డా. మొదటి కాడికెల్లి చదువు, ఉరకకు. యాడనన్న నేను వాన్ని మాఫ్ జేసినట్టు వినవడితే ఆడ్నే ఆగు, దిద్దుదాం.